అద్దం దాటిన మాట

బస్సు కదిలే ముందు కిటికీల దగ్గర అరుపులు మొదలైతే నాకు ఇప్పటికీ ఆ అమ్మాయి చేతులే గుర్తుకొస్తాయి.

కళ్యాణదుర్గం బస్టాండులో నా పక్క సీట్లో కూర్చుంది. ఆమెకు చెవులు వినపడవు. కింద నిలబడిన తమ్ముడితో మూసుకుపోయిన అద్దంలోంచే సైగలతో తీరిగ్గా మాట్లాడుతోంది. ముందు సీట్లోని ముసలమ్మ మాత్రం కింద నిలబడిన మొగుడికి ఏదో చెప్పాలని గొంతు చించుకుంటోంది. ఇంజను మోతలో ఏమీ వినపడక ఆయన చెయ్యి ఊపి సాగనంపుతున్నాడు.

ముసలమ్మ మావైపు తిరిగింది. "మాత్ర అన్నం తిన్నాకనే ఏసుకోవల్ల. పరగడుపున ఏసుకుంటే కండ్లు తిరిగి పడతాడమ్మా. యాడ ఇనపడతాంది ఆయప్పకు?"

అమ్మాయి ఆమె పెదవులనే చూసింది. వెంటనే తమ్ముడికి సైగ చేసింది. అతను ముసలాయన చెవిలో చెప్పాడు. ఆయన తలూపి, ముద్ద ముందు, మాత్ర తర్వాత అని తనూ చేతులతోనే బదులిచ్చాడు.

బస్సు కదిలింది. ముసలమ్మ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది. "నేనెంత అరిసినా ఇనపల్లేదు. నీ మాట ఇనపడింది తల్లీ."

ఊరు దాటినా ఆ చేతులు వదల్లేదు. జవాబు చెప్పడానికి చేతులు ఖాళీ లేక, అమ్మాయి నవ్వుతూ కూర్చుంది.