మూడొందల నకళ్లు, ఒక మావయ్య

ఆ రోజుల్లో నాకొక పిచ్చి నమ్మకం ఉండేది. ఏ వస్తువుకైనా ఒకే ఒక్క చోటు ఉండాలని, ఆ చోట అది ఒక్కటే ఉండాలని. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరక్క, బందరులో మా ఇంట్లో కూర్చున్న ఏడాది అది. పుస్తకాల బీరువాను రచయితల పేర్ల వరసలో సర్దాను. వంటింట్లో డబ్బాలకు చీటీలు అంటించాను (అమ్మ వారం తిరక్కుండా పీకేసింది, "ఆవాలేవో నాకు తెలీదా" అని). ఇంక సర్దడానికి ఏమీ మిగలక కంప్యూటరు మీద పడ్డాను. మనుషులతో మాట్లాడాలంటే గొంతు పూడుకుపోయే పిల్లకు మనుషుల ఫోటోలతో గడపడం హాయిగా ఉంటుందనిపించింది. ఆ హాయి నాలుగు రోజులు నడిచింది.

మా కంప్యూటర్లోకి ఫోటోలు మూడు దారుల్లో వచ్చాయి. నాన్న పాత కెమెరావి కొన్ని, నా ఫోనువి కొన్ని, గుడివాడ కల్యాణమండపంలో జరిగిన అక్క పెళ్లివి, స్టూడియోవాళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినవి, బోలెడు. ఒకే ఫోటో మూడు పేర్లతో మూడు చోట్ల. అన్నిటినీ ఒకే ఫోల్డరులో చేర్చాను. పెన్‌డ్రైవ్‌లోవి కాపీ కూడా చెయ్యలేదు, కట్ చేసి తెచ్చేశాను (రెండు చోట్ల ఉంటే మళ్లీ గందరగోళం కదా). ఆ తర్వాత, ఒకేలా ఉన్న ఫోటోలను వెతికి అదనపు వాటిని తీసేసే ప్రోగ్రాం ఒకటి దింపుకున్నాను. అందులో ఒక గీత మీద చిన్న గుండీ ఉంది. "అచ్చంగా ఒకేలా" నుంచి "సుమారుగా ఒకేలా" దాకా జరుపుకోవచ్చు. నేను శ్రద్ధగలదాన్ని కాబట్టి సుమారు వైపు చివరిదాకా జరిపాను. అది పావుగంట ఆలోచించి, మూడొందల పైచిలుకు నకళ్లు దొరికాయి, తీసెయ్యమంటారా అని మర్యాదగా అడిగింది. తీసెయ్యమన్నాను. ఆ రోజు డైరీలో "ఇల్లంతా తేలికపడినట్టుంది" అని రాసుకున్నాను.

మన పెళ్లిళ్లలో వేదిక మీద ఏం జరుగుతుందో ఆ ప్రోగ్రాం రాసినవాళ్లకు తెలియదు. తెలిసిన నేను ఆలోచించలేదు. వధూవరులు అవే రెండు కుర్చీల్లో గంటలకొద్దీ కూర్చుంటారు. వెనకాల అదే పూల తెర. కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంటుంది. కదిలేది చుట్టాలే. వరసలో వస్తారు, అక్షింతలు వేస్తారు, అటిద్దరూ ఇటిద్దరూ నిలబడి ఫోటో దిగి భోజనాలకు వెళ్తారు. యంత్రం కళ్లకు అదంతా ఒకటే ఫోటో, అంచుల్లో మాత్రం ఏదో కాస్త తేడా. అందుకని ఒకదాన్ని ఉంచి, మా బంధువర్గాన్ని మొత్తం నకళ్ల కింద ఎత్తేసింది. మిగిలిన ఆ ఒక్క ఫోటోలో ఉన్న కుటుంబం ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు. బావగారి ఆఫీసువాళ్లని అక్క అంటుంది, అక్క వైపువాళ్లని బావగారు అంటారు.

ఇదంతా నాకు తెలిసింది ఒక సోమవారం పొద్దున, అమ్మ ఫోను పెట్టేసి వెలిగిపోతున్న ముఖంతో నా గదిలోకి వచ్చాక.

"మీ మావయ్య ఆదివారం వస్తున్నాడే. నాలుగేళ్ల తరవాత మనింటికి. అక్క పెళ్లిలో దిగిన ఫోటో చూస్తానన్నాడు. తీసి ఉంచు, పెద్దది చేయించి ఇద్దాం."

అమ్మకు ఒక్కడే అన్నయ్య. నాగాయలంకలో ఉంటాడు. మేం చాటుగా 'అలకపాన్పు మావయ్య' అంటాం. పెళ్లికొడుకైనా అలకపాన్పు ఎక్కితే అడిగింది చేతిలో పడగానే దిగుతాడు. మావయ్య ఎక్కాడంటే ఏళ్లు గడవాలి. మా గృహప్రవేశానికి నాన్న ఇంటికెళ్లి పిలవకుండా ఫోనులో కార్డు పంపారని మాటలు మానేశాడు. అక్క పెళ్లికి అమ్మ తనే నాగాయలంక వెళ్లి, బొట్టుపెట్టి పిలిచి, గుమ్మంలో కాసేపు ఏడిస్తే వచ్చాడు. వచ్చి వేదికెక్కి ఫోటో దిగాడు కాబట్టి గొడవ తీరిపోయిందని అమ్మ లెక్క. ఇప్పుడా ఫోటో లేదంటే? కంప్యూటరు తీసేసిందంటే నమ్మే మనిషా? "నన్ను తీసేశారు" అంటాడు. ఈసారి అలిగితే అమ్మకు పుట్టిల్లు లేనట్టే. అదీ నా చేతి మీదుగా.

ముందు కంప్యూటరు చెత్తబుట్ట తెరిచాను. తళతళలాడుతోంది. హాల్లో నాన్నను వీలైనంత మామూలుగా అడిగాను.

"చెత్తబుట్టా? రోజూ నేనే ఖాళీ చేస్తున్నాగా" అన్నారు నాన్న, కాస్త గర్వంగానే. "గ్యాస్ కట్టడం, మోటారు ఆపడం, చెత్తబుట్ట ఖాళీ చెయ్యడం. అన్నీ చూసుకునేగా పడుకునేది. ఏం, ఏమన్నా పోయిందా?"

"ఏం లేదు నాన్నా."

పెళ్లి ఆల్బమ్‌లో చూద్దామంటే అందులో అక్కాబావల పోజులు, బావగారి వైపువాళ్లు తప్ప మావాళ్లు లేరు (ఆ ఆల్బమ్ వచ్చిన రోజు అమ్మ అన్నం మానేసింది). వీడియో నాలుగు గంటలూ చూశాను. ఒకచోట వరసలో మావయ్య కనిపించాడు. మీగడరంగు చొక్కా, చేతిలో కర్చీఫ్. అంతలో వీడియో తీసినాయన తెరంతా పూలరేకులు కురిపించాడు. ఆ పూలరేకులు ఆగేసరికి భోజనాల్లో ఉన్నాం.

బుధవారం, లైబ్రరీకని చెప్పి గుడివాడ బస్సెక్కాను. పెళ్లి ఫోటోలు తీసిన స్టూడియోలో ఏమని అడగాలో పెడన దాకా మాటలు కూర్చుకున్నాను, గుడ్లవల్లేరు దాకా వల్లెవేశాను. తీరా లోపలికి వెళ్లి, "ఏం కావాలండీ?" అని ఆయన అడగ్గానే, "పాస్‌పోర్టు సైజు ఫోటోలండీ" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. స్టూలు మీద కూర్చోబెట్టారు. "గడ్డం కాస్త దించండి. భయపడినట్టు పడుతున్నారండీ, మామూలుగా ఉండండి" అన్నారు. నేను మామూలుగా ఉండేది అలాగేనని చెప్పలేకపోయాను. ఎనిమిది కాపీలు చేతికి వచ్చాక, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి అసలు సంగతి అడిగాను.

"ఏడాది దాటితే ఉంచమండీ. పెళ్లి మీద పెళ్లి, చోటు చాలాలి కదండీ. పెన్‌డ్రైవ్ ఇచ్చాంగా?"

"ఇచ్చారండీ" అన్నాను. ఆ రోజు డైరీలో ఏమీ రాయలేదు.

ఆదివారం పొద్దున్నే మావయ్య భుజం మీద అరటిగెలతో దిగాడు. నాన్న "రండి బావగారూ" అని గెల అందుకుని, చేపలు తేవడానికి బజారుకు వెళ్లారు. అమ్మ పెసరట్లు వెయ్యడానికి వంటింట్లోకి వెళ్లింది. మావయ్య నా గదిలోకి వచ్చి, కుర్చీ కంప్యూటరు ముందుకు లాక్కుని కూర్చున్నాడు.

"ఏదీ కోడలా, మీ అక్క పెళ్లి ఫోటోలు."

"లేవు మావయ్యా."

"ఏం లేవు?"

"మీవి." ఆయన ముఖం వాడిపోయింది. ఆ తర్వాత నా జీవితంలోకెల్లా పొడవైన ఉపన్యాసం ఇచ్చాను. "మీవొక్కటే కాదండీ, ఎవరివీ లేవు. కంప్యూటరుకు మనవాళ్లందరూ ఒకేలా కనిపించారు. తీసెయ్యమంటారా అంటే నేనే తీసెయ్యమన్నాను. మా మేనత్తలూ లేరు, నాన్న ఆఫీసరూ లేరు. అమ్మకేం తెలీదు. మీరు మాత్రం అలగొద్దండీ, అలిగితే నామీద అలగండి."

మావయ్య వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "అందరివీ పోయినట్టేనా? ఎక్కడా ఇంకో కాపీ లేదూ?"

"లేదండీ."

"స్టూడియోలో?"

"వెళ్లి అడిగానండీ. లేవు."

ఆయన వెనక్కి వాలి పెద్ద ఊపిరి వదిలాడు. కర్చీఫ్ తీసి మెడ తుడుచుకున్నాడు.

"నేను స్టేజీ ఎక్కలేదే" అన్నాడు. "వరసలో నిలబడ్డా. మీ నాన్న వచ్చి నా ముందాయన్ని చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లాడు. నావైపు చూడనన్నా చూడలేదు. పెళ్లి హడావిడిలో ఉన్న మనిషికి ఎవరు కనపడతారు? ఆ ఇంగితం అప్పుడు లేదు. తినకుండానే బస్సెక్కేశా. చల్లపల్లి దాటాక బుద్ధొచ్చింది. ఆకలి కూడా వేసిందనుకో. మీ అమ్మేమో నన్ను వరసలో చూసి, ఎక్కాననే అనుకుంది. ఏడాదిన్నరగా ఫోనులో అదే మాట, 'ఫోటోలో ఎంత బాగా పడి ఉంటావో అన్నయ్యా' అని. ఏనాడు తీసి చూస్తుందో, లేనని ఏనాడు తెలుస్తుందోనని నాకు గుండెల్లో రాయి పడ్డట్టుండేది. ఇంక నేనే వచ్చి, వెతికించి, కనపడకపోతే అప్పుడు చెప్పేద్దామని."

వారం రోజులు నేను అన్నం సహించక వెతికిన ఫోటో అసలు తియ్యనే లేదన్నమాట. నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోపే అమ్మ అట్ల పళ్లెంతో గుమ్మంలోకి వచ్చింది.

"దొరికిందా అన్నయ్య ఫోటో?"

మావయ్య నావైపు చూశాడు. అరవై దాటిన మనిషి, హోంవర్కు చెయ్యని పిల్లాడిలా ఉన్నాడు.

"పోయిందమ్మా. సర్దుతూ నేనే పొరపాటున తీసేశాను" అన్నాను.

అమ్మ పళ్లెం బల్ల మీద పెట్టి మొదలుపెట్టింది. నా చదువు, నా పుస్తకాలు, పోపుల డబ్బాల చీటీలు, ఏవీ వదల్లేదు. మావయ్య మధ్యలో అడ్డుపడ్డాడు.

"పోనీలే చెల్లాయ్, చిన్నపిల్ల. ఫోటో పోతే మనిషి పోయాడా ఏంటి."

మావయ్య ఒకరిని క్షమించడం మా ఇంట్లో అదే మొదటిసారి. అమ్మ తిడుతున్న తిట్లు ఆపేసి, పళ్లెం ఆయన ముందుకు జరిపింది. ఆ పూట ఆయన నాలుగట్లు తిన్నాడు.

ఇప్పుడు నాకు బందరులోనే ఉద్యోగం. మావయ్య రెండు నెలలకోసారైనా వచ్చి వెళ్తున్నాడు. ఆయన వచ్చినప్పుడు ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారంటే చాలు, అమ్మ ఆ కథ ఎత్తుతుంది. అక్క పెళ్లిలో అన్నయ్య ఫోటో ఎంత బాగా పడిందో, ఈ మహాతల్లి దాన్ని ఎలా పోగొట్టిందో. ఏడాదికేడాది ఆ ఫోటో ఇంకా బాగుపడుతోంది. ఈమధ్య అందులో మావయ్య నవ్వుతున్నాడు కూడా. ఆయన మాత్రం తల దించుకుని అట్టు తుంచుకుంటూ ఉంటాడు. ఒక్క మాట అంటే పడలేక గది తలుపేసుకుని డైరీలో పేజీలు నింపిన ఆ పిల్లే, ఇప్పుడు ఆ తిట్లన్నీ వింటూ ఆయన పళ్లెంలో ఇంకో అట్టు వేస్తుంది.