ఊరి గడియారానికి లుంగీ

ఆ రోజుల్లో నేను లోకాన్ని మూడు శీర్షికల కింద సర్దేయవచ్చనుకునేవాణ్ణి. ఎక్కడ పనికి వెళ్లినా ఆ ప్రాంతపు చరిత్ర, పరిపాలన, భూగోళం డైరీలో రాసుకోవడం నా అలవాటు. (రూమ్‌లో అందరూ నన్ను 'పంతులు' అనేవాళ్లు. అందులో గౌరవమేమీ లేదు.) జగిత్యాల నుంచి ఒమన్‌కు వచ్చి, బహ్లా దగ్గరి పల్లెలో గోడలు కట్టే పనిలో చేరిన కొద్ది రోజులకే మూడు శీర్షికలూ నింపేశాను. చరిత్ర కింద మట్టికోట, దాని చుట్టూ ఎంతో దూరం సాగే మట్టిగోడ. పరిపాలన కింద ఆ ప్రాంతానికి పెద్ద అధికారి వాలీ గారు, ఆయన తర్వాత పల్లె షేక్. భూగోళం కింద రాళ్లగుట్టలు, ఖర్జూరపు తోటలు, గుట్టల అడుగు నుంచి వాటికి నీళ్లు తెచ్చే ఫలజ్ అనే కాలువ. మా సైట్ పక్క ఖాళీ జాగాలో ఒక గుంజ, దాని ముందు వరుసగా కొన్ని రాళ్లు ఉండేవి. అవి ఏ శీర్షికలోనూ ఇమడలేదు కాబట్టి దేనికీ పనికిరావని తేల్చేశాను.

ఒక శుక్రవారం మా బావ (చుట్టరికమేమీ లేదు, ఒకే ఊరివాళ్లం) బట్టలుతికి, "ఆరేసెతందుకు జాగ లేదు పంతులూ" అన్నాడు.

"ఆ గుంజ ఉత్తగనే ఉన్నది గదా" అన్నాను.

గుంజకూ సైట్‌లోని ఇనుప పైపుకూ తాడు కట్టి, రెండు లుంగీలు, ఒక తడి దుప్పటి వేశాం. టీ తాగి బయటికొచ్చేసరికి అక్కడ పంచాయితీ నడుస్తోంది. ఇద్దరు రైతులు అరబ్బీలో అరుచుకుంటున్నారు. వాళ్లలో ఒకాయన తెల్లగడ్డపు ముసలాయన, చేతిలో పార. మా ఫోర్‌మన్ హైదరాబాద్ భాయి పరుగెత్తుకొచ్చి తల పట్టుకున్నాడు.

"అరే మియా, క్యా కరే తుమ్! పూరే గావ్ కీ ఘడీ కో లుంగీ బాంధ్ దియే!"

ఊరి గడియారానికే లుంగీ కట్టామట. ఆ గుంజ నీడ ఎవరి రాయి మీదికొస్తే వాళ్ల తోటకు నీళ్లు తిప్పుతారు. మా దుప్పటి నీడలో రాళ్లన్నీ మునిగిపోయాయి. పైగా తడి బరువుకు గుంజ ఒరిగిపోయింది. ఒకాయన తన వంతు అయిపోలేదంటాడు, ముసలాయన తనది మొదలైందంటాడు. ఆయన నిమ్మమొక్కలు వాడిపోతున్నాయి. ఊరివాళ్ల నుంచి ఫిర్యాదు వస్తే ఇంటికి పంపిస్తామని కంపెనీ ముందే చెప్పింది.

"పెట్టె సదురుకో పంతులూ, ఇది వాలీ దాక పోతది" అన్నాడు బావ, లుంగీలు గబగబా లాగేస్తూ.

ముసలాయన నా దగ్గరికొచ్చి, వచ్చీరాని హిందీలో నెమ్మదిగా అడిగాడు. "తుమ్హారా ముల్క్ మే సూరజ్ నహీ హై?"

మీ దేశంలో సూర్యుడు లేడా అని. ఉన్నదే చెప్పాను. "హై బాబా. కప్డా సుఖానే కే వాస్తే."

బట్టలారేసుకోవడానికి ఉన్నాడన్నమాట! ముసలాయన గడ్డం ఊగిపోయేలా నవ్వాడు. అది చూసి రెండో రైతూ నవ్వాడు. ఫిర్యాదు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. భాయి దారానికి తూకం గుండు వేలాడదీసి గుంజను నిలువు చేయించాడు. నీడ సరిగ్గా ముసలాయన రాయి మీద పడింది. రెండో రైతు తానే వెళ్లి ముసలాయన తోటకు నీళ్లు తిప్పాడు. గుంజ మొదట్లో వేసిన మట్టి గట్టిపడేదాకా దాన్ని పట్టుకు నిలబడాల్సిన పని మాత్రం నాకు పడింది.

"పంతులు ఇయ్యాల గవర్నమెంట్ల చేరిండు!" అని బావ వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పాడు. నిమ్మమొక్కల మొదళ్లలోకి నీళ్లు చేరడం అక్కడి నుంచే చూశాను. ఆ సాయంత్రం డైరీలో పరిపాలన కింద, వాలీ గారికి పైన, ఇంకొక పేరు చేర్చాను. గుంజ.

ఇన్నేళ్లకు మొన్న, ఒమన్‌లోనే అల్ మవాలేలో ఉండే మా అబ్బాయి నన్ను ఆ పల్లెకు తీసుకెళ్లాడు. గుంజ ఇంకా ఉంది. ఒక కుర్రాడు ఫోన్‌లో టైము చూసి నీళ్లు తిప్పుకున్నాడు, గుంజ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "నాయినా, దాని పక్కకు నిలబడు, ఫోటో తీస్త" అన్నాడు మావాడు. నిలబడ్డాను. నా నీడ రాళ్ల మీద పడింది. చటుక్కున పక్కకు వంగాను.

"ఏమైంది నాయినా?"

"ఎవరి వంతన్న ఉంటది బిడ్డా."

ఆ ఫోటోలో గుంజ నిటారుగానే ఉంది. నేనే కాస్త ఒరిగి ఉన్నాను.