ఓబులేసు వైపు హ్యాండిలు

జయరామప్పకు లోకంలో సగం వస్తువులు అసహ్యం. మిగతా సగం, ఇంకొకరు ముట్టుకున్నాక అసహ్యం. బస్సులో కడ్డీ పట్టుకోవాల్సి వస్తే జేబురుమాలు చుట్టి పట్టుకుంటాడు. పెళ్ళికి పోతే సొంత గ్లాసు చేతిసంచిలో వెంట పోతుంది. హోటల్లో పక్కవాడు సాంబారులో ఇడ్లీ పిసికి జుర్రుతుంటే, తన ప్లేటు సగంలో వదిలి బయటికి వచ్చేస్తాడు. అత్తిబెలె దగ్గరి ఫ్యాక్టరీలో కరెంటు ప్యానెళ్ళకు వైర్లు బిగిస్తూ ఉద్యోగమంతా గడిపిన మనిషి, అన్నాళ్ళూ గోడవైపు తిరిగే అన్నం తిన్నాడు. తోటివాళ్ళు ‘మడి జయరామప్ప’ అని పేరు పెట్టారు. ఆ పేరుకు ఆయన నొచ్చుకోలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయాడు కూడా.

అలాంటి మనిషికి మిగిలిన ఒకే ఒక్క స్నేహితుడు ఓబులేసు. అదే ఫ్యాక్టరీలో మిషన్లకు గ్రీజు పెట్టేవాడు. అరచేతి గీతల్లోనూ గోళ్ళ చుట్టూనూ నలుపు ఇంకిపోయి, ఏ సబ్బుకూ లొంగకుండా ఉండిపోయింది. ఏది తిన్నా వేళ్ళు నాకుతాడు. నవ్వొస్తే ఎదుటివాడి వీపు మీద చరుస్తాడు. వీళ్ళిద్దరికీ ఎలా పొసిగిందా అని వాళ్ళుండే చందాపురలో ఆశ్చర్యపోనివాళ్ళు లేరు.

దానికో కారణం ఉంది. ఒకసారి కంపెనీ బస్సులో, కామెర్లు ముదిరిన జయరామప్పకు కిటికీ దాకా జరిగే వ్యవధి కూడా లేకుండా వాంతి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకుని కాళ్ళు పైకి లాక్కున్నారు. ఓబులేసు రెండు చేతులూ దోసిలి పట్టాడు. డ్రైవరు బస్సు ఆపేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆ సంగతి గుర్తొస్తే జయరామప్ప ఇప్పటికీ లేచిపోయి చేతులు కడుక్కుంటాడు. అయినా ఆ తర్వాత నుంచి ఓబులేసు తెచ్చిచ్చిన టీ గ్లాసును మాత్రం అంచు తుడవకుండా తాగేవాడు.

వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ షిఫ్టు దిగగానే బస్టాండు వెనకున్న వీడియోగేముల అంగడికి పోయి పక్కపక్కన నిలబడి ఆడేవాళ్ళు. ఆ అంగడి ఎప్పుడో మూతపడింది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక జయరామప్ప అలాంటి మిషనే ఒకటి సొంతంగా తయారుచేశాడు. పాత బట్టల బీరువా ప్లైవుడ్డు కోసి కూర్చుని ఆడేంత ఎత్తు పెట్టె కట్టాడు. అందులో పాత కంప్యూటరు, దాని తెర బిగించాడు. బెంగళూరు బళేపేట సందులన్నీ గాలించి రెండు జాయ్‌స్టిక్కులు కొనుక్కొచ్చాడు. వాటిని ఇంట్లో అందరూ హ్యాండిళ్ళు అంటారు. ఎడమది ఆయనది, కుడిది ఓబులేసుది. రెండు విమానాలు జంటగా ఎగిరే ఆట అది. ఒక్కడే కూర్చుంటే రెండో విమానం దిక్కులేకుండా కూలిపోతుంది. ఆదివారం వచ్చిందంటే ఓబులేసు రావాల్సిందే. ఓబులేసు రాని ఆదివారం జయరామప్పకు ఆదివారమే కాదు.

ఆ ఏడు ఆయుధపూజకు ఇంట్లో స్క్రూడ్రైవరు నుంచి మిక్సీ దాకా అన్నింటితోపాటు గేము మిషనుకు కూడా బంతిపూల దండ పడింది. ఫ్యాక్టరీలో నేర్చుకున్న అలవాటు, పూజలో లోటు రానివ్వడు. ఆ తర్వాత కొద్ది రోజులకే కుడి హ్యాండిలు మొరాయించింది. ఎడమకు వాలిస్తే విమానం కదలదు. పైకి నెడితే ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు పైకి పోతుంది.

సరిగ్గా ఆ వారమే, ఆదివారం నాడు ఓబులేసు మిరపకాయ బజ్జీల పొట్లం తెచ్చాడు. ఒక చేత్తో బజ్జీ, ఒక చేత్తో హ్యాండిలు. నూనె మణికట్టు దాకా కారుతోంది. మధ్యలో చెయ్యి మార్చి, వేళ్ళు నాకి, మళ్ళీ హ్యాండిలు పట్టుకున్నాడు. జయరామప్పకు ఒళ్ళంతా కంపరమెత్తింది. ఆట చూడ్డానికి వచ్చిన పక్కింటివాళ్ళు వింటున్నారన్న ధ్యాస కూడా లేదు.

“ఆ చెయ్యి తీయప్పా. చెయ్యేనా అది? ఆ జిడ్డు దిగి దిగే నా హ్యాండిలు చచ్చింది. ఇంగ దాన్ని ముట్టుకోవద్దు.”

ఓబులేసు తన అరచేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. మిగిలిన బజ్జీలు పొట్లంలోనే వదిలి లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

అతడు రావడం మానేసిన కొన్నాళ్ళకు ఎడమ హ్యాండిలు కూడా బిగుసుకుపోయింది. దాన్ని జయరామప్ప తప్ప ఇంకెవరూ ముట్టరు. అయినా ఆయనకు అనుమానం రాలేదు. ఓబులేసు నూనె లోపల్లోపలే ఈ పక్కకు పాకిందని తేల్చేశాడు. అసహ్యం తలకెక్కిన మనిషికి ఇంత తెలివితక్కువ లెక్క కూడా సరిగ్గానే కనిపిస్తుంది. బాగుచేయమని భార్య కెంపమ్మ పోరితే, ఆ కంపులో వేలు పెట్టనన్నాడు. చెడింది మిషను కాదని, ఆదివారాలని ఆమె అంది. ఆ మాట తగిలి, ఒక మధ్యాహ్నం ముక్కుకు గుడ్డ కట్టుకుని మిషను ముందు కూర్చున్నాడు.

ముందు వైర్లు చూశాడు. అన్నీ బిగువుగానే ఉన్నాయి. పైపలక విప్పి బోర్లించాడు. ఒక్కో హ్యాండిలు అడుగున నాలుగు దిక్కులా నాలుగు బుల్లి స్విచ్చులుంటాయి. ఏ పక్కకు వాలిస్తే ఆ పక్క స్విచ్చు టిక్కుమనాలి. ఓబులేసు వైపుది వాలిస్తే చప్పుడే లేదు. మరలు తీసి ఊడబెరికాడు.

లోపల చూసేసరికి డోకొచ్చింది. కడ్డీ మొదలంతా ఎర్రటి ముద్ద కారి గడ్డకట్టి ఉంది. దాన్నిండా చచ్చిన చీమలు, ఒక బొద్దింక కాళ్ళు. ఆ ముద్ద స్విచ్చుల మీదికి దిగి వాటిని అదిమేసింది. “చూస్తివా వాడి బజ్జీల పాపం,” అని కెంపమ్మను కేకేసి, అది నూనేనని రుజువు చేయడానికి ముక్కు మీది గుడ్డ దించి తానే వాసన చూశాడు.

నూనె కాదు. గంధం వాసన.

కెంపమ్మ వంగి చూసింది. “మీరు పూసిందే కదా. సాలు సాలంటే వినకపోతిరి. హ్యాండిలు మొదట్లో గంధమూ కుంకుమా కలిపి మెత్తితిరి, పైనుంచి టెంకాయ నీళ్ళు పోస్తిరి. చీమలు రాకుండా ఎట్లుంటాయి?”

జయరామప్ప తన వైపు హ్యాండిలు కూడా విప్పాడు. అదే ఎరుపు, అవే చీమలు. లోకంలో అందరి చేతులనూ చీదరించుకున్న మనిషి, ఆ రోజు పూజ చేసిన తన వేళ్ళనే చూసుకుని చీదరించుకున్నాడు. ఆ ముద్దను పుల్లతో గీకి, స్పిరిటు దూదితో తుడిచి, చీమలన్నింటినీ కాగితంలోకి దులిపాడు. చేతులు కడుక్కున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు, అయినా శుభ్రమైనట్టు అనిపించలేదు. రెండు హ్యాండిళ్ళూ బిగించి వాలిస్తే అన్ని దిక్కులా టిక్కుమన్నాయి.

సాయంత్రం తానే ఓబులేసు ఇంటికి పోయాడు. దారి పొడుగునా నిజం చెప్పాలనే అనుకున్నాడు. తీరా గుమ్మంలో నిలబడ్డాక హ్యాండిలు బాగైందని, ఆదివారం రమ్మని మాత్రం చెప్పి తిరిగొచ్చాడు. ఎంత నీచమైన పని చేశానో ఆయనకు తిరుగుదారిలో తెలుస్తూనే ఉంది.

ఆదివారం ఓబులేసు వచ్చాడు. చేతిలో పొట్లమేమీ లేదు. మిషను వైపు చూడకుండా, ఎవరూ చెప్పకుండానే, తిన్నగా పెరట్లో కొళాయి దగ్గరికి పోయాడు. బట్టల సబ్బు, కొబ్బరి పీచు తీసుకుని మోచేతుల దాకా రుద్దాడు. చర్మం ఎర్రబడింది. వచ్చి జయరామప్ప ముందు రెండు అరచేతులూ చాపి పట్టాడు.

“చూడన్నా. గీతల్లోది పోదు, అది లోపలికి ఇంకిపోయుండాది. పైన మాత్రం జిడ్డు లేదు.”

కంపెనీ బస్సులో దోసిలి పట్టిన చేతులవి. జయరామప్పకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో ఎన్ని చూసి మొహం చిట్లించాడో లెక్కలేదు గాని, తన మీద తనకు ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

“నీ చేతిది కాదప్పా,” అన్నాడు ఎట్టకేలకు. “ఆయుధపూజకు నేను పూసిన గంధమూ కుంకుమే దాన్ని చెడిపింది. అందరి ముందరా ఊరికే నిన్నంటిని. తప్పు నాది.”

ఓబులేసు తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

“పోనీలే అన్నా. కడుక్కుంటే నష్టమేముండాది,” అన్నాడు.

ఇద్దరూ కూర్చున్నారు. విమానాలు రెండూ జంటగా ఎగిరాయి. కుడి హ్యాండిలు ఎటు వాలిస్తే అటు తిరుగుతోంది. కానీ ఓబులేసు ఇదివరకటిలా దాన్ని పిడికిట్లో పట్టుకోలేదు. ఆట ముగిసేదాకా రెండు వేళ్ళ కొసలతోనే పట్టుకున్నాడు.