అక్క చీర తడపకముందు

నాకు ముక్కు ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన రోజే డాక్టరు చెప్పిన జాగ్రత్తలన్నీ మా అక్కకు కంఠతా వచ్చేశాయి. గట్టిగా చీదొద్దు, వంగొద్దు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, దుమ్ము దగ్గరికి రానీయొద్దు. నేనడిగిన ఒక్క ప్రశ్నకు మాత్రం ఆయన సూటిగా జవాబివ్వలేదు. వాసన తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. నేను ఊపిరాడక ఆపరేషన్ చేయించుకున్నానని అందరూ అనుకున్నారు. అబద్ధం. నాకు కావలసింది అమ్మ వాసన.

అమ్మ ఎండుమిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేది. మార్కెట్‌కు పంట వచ్చే నెలల్లో పొద్దంతా మిరప కుప్పల దగ్గరే ఉండేది. చిన్నప్పుడు సాయంత్రం ఎదురు పరుగెత్తి ఆమె కొంగులో మొహం దాచుకునేదాన్ని. ఎండ, చెమట, మిరప ఘాటు. వెంటనే తుమ్ములు, ఒకటా రెండా! అమ్మ భయపడిపోయింది. అప్పట్నుంచి పని మీంచి రాగానే పెరట్లోకి పోయి, చీర బకెట్లో నానేసి, తలస్నానం చేశాకే నన్ను ముట్టుకునేది. ఆ తర్వాత ఆమె దగ్గర ఉండేది సబ్బు వాసనే. పెద్దయ్యాక ముక్కులో కండ పెరిగి నాకు అదీ దక్కలేదు. రెండేళ్ల కింద అమ్మే లేకుండా పోయింది.

ఇప్పుడు అక్కదీ అదే పని. సుబేదారి ఏరియాలో నేను ఒక్కదాన్నే ఉంటానని, పని కాగానే ఆటో ఎక్కి నా దగ్గరికి వచ్చేది. వచ్చి నేరుగా బాత్రూంలోకి.

"దూరం ఉండు చెల్లె, నా ఒంటి నిండ కారం ఉన్నది," అనేది.

నాకు ఒళ్లు మండేది. ఏ వాసనా తెలియనిదానికి కారమైతేనేం, కర్పూరమైతేనేం?

రోజూ పొద్దున్నే కాఫీపొడి డబ్బాలో ముక్కు పెట్టి చూసేదాన్ని. ఇరవై రోజులు ఏమీ లేదు. ఆ తర్వాత ఒకరోజు పొయ్యి మీద పోపు మాడింది. మాడిన వాసన! గిన్నె దించడం కూడా మరిచి అక్కడే నిలబడి ఏడ్చాను. సాయంత్రం అక్క కోసం చూసీ చూసీ కునుకు పట్టింది. లేచేసరికి ఆమె వచ్చేసింది, చీర బకెట్లో మునిగిపోయింది. సబ్బుపొడి వాసన మాత్రం బ్రహ్మాండంగా తెలిసింది. ఆ రాత్రి ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు, పాపం.

మరునాడు గుమ్మంలోనే కాపు కాశాను.

"స్నానం తర్వాత చేద్దువు గని, జర ఇటు రా అక్కా."

"పిచ్చి లేసిందా నీకు? తుమ్మితే నెత్తురు కారుతది. డాక్టర్ ఏం చెప్పిండు?"

వినలేదు. భుజం పట్టి లాగి, ఆమె కొంగులో మొహం పెట్టాను. నాకు కారం అంటుతుందని అక్క రెండు చేతులూ పైకెత్తేసింది.

ఎండ, చెమట, ఘాటు. నోరు తెరిచి తుమ్మాను. మళ్లీ తుమ్మాను. మొహం మాత్రం తీయలేదు.

అక్క కాసేపు తిట్టింది. తర్వాత తిట్టడం మానేసింది. నా మనసులో మాట ఆమెకు నేనెన్నడూ చెప్పలేదు.

"అమ్మ వాసన వస్తాందా?" అని మెల్లగా అడిగింది.

"వస్తాందక్కా."

అప్పుడు ఎత్తిన చేతులు దించి, ఆ కారం చేతులతోనే నన్ను గట్టిగా పట్టుకుంది.