జారని ఉయ్యాల

మా పక్క మేడమీద బ్యాగులు కుట్టే కోడలు ఉంది. ఆమె కుట్టిన బ్యాగు తెగిందని ఇంతవరకూ ఎవరూ మెట్లెక్కి రాలేదు. పట్టీ కొనేటప్పుడు ఒక కొస కాలికింద తొక్కిపెట్టి, రెండో కొస చేతికి చుట్టుకుని లాగుతుంది. దుకాణంవాడు కళ్ళు మూసుకుంటాడు. ఆ ఇంట్లో దారం తెగినా నాకు తెలుస్తుంది. తెలియకపోతే వెళ్ళి తెలుసుకుంటాను.

ఆమె మామగారు లారీ నడిపి నడిపి మానేశారు. ఆ సీటు పుణ్యమా అని నడుం పట్టేసింది. పరుపు మీద పడుకుంటే పొద్దున ఎవరైనా లేపాలి. లారీ కింద గుడ్డ ఉయ్యాల కట్టుకుని పడుకున్న రోజుల్లో మాత్రం నడుం సంగతే తెలియలేదట. ఈమధ్య పాత స్నేహితులు కొండమీదికి నడిచివెళ్ళి, కొన్నాళ్ళుండి వద్దామన్నారు. ఎవరి మూట వాళ్ళే మోసుకోవాలి. ఆయన మొహం వెలిగిపోయింది, నేను వదినా అని పిలిచే అత్తగారు అడ్డం తిరిగింది. చివరికి బేరం కుదిరింది. కోడలు తేలికైన ఉయ్యాల కుట్టాలి. మధ్యాహ్నం అందులో కునుకు తీసి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆయన లేవాలి. లేవలేకపోతే స్నేహితులకు అత్తగారే ఫోన్ చేసి, రారని చెప్పేస్తుంది.

గుడ్డ చిటికెలో తయారైంది. చిక్కంతా దాన్ని వేలాడదీసే పట్టీ దగ్గర వచ్చింది. మంచానికి అల్లే నవారు చాలన్నారు మామగారు. అది గట్టిదే గాని బరువు, తడిస్తే మరీ బరువు. కోడలు తన బ్యాగులకు వేసే నైలాన్ పట్టీ తీసింది. దూదిలా తేలిక, ఎంత లాగినా తెగదు. డాబా మీద రెండు స్తంభాలకు కట్టింది. మామగారు ఎక్కి పడుకున్నారు, గురక మొదలైంది. నేను మా బట్టలు తీసుకునే మిషతో మా పిట్టగోడ దగ్గరే ఉన్నాను.

పట్టీ తెగలేదు. సాగింది. గురక సాగినకొద్దీ అదీ సాగింది. ఆయన పెద్దమనిషి తరహాలో మెల్లమెల్లగా దిగి, నేలకు ఆనుకున్నారు. కళ్ళు తెరిచి, కింద ఇంత చల్లగా ఉందేమని అడిగారు. లేవబోయారు, లేవలేకపోయారు. అత్తగారు ఫోను కోసం లోపలికి నడిచింది.

కోడలు సాగిన పట్టీని పట్టుకుని చూసింది. ఆ సాగే గుణం వల్లనే ఆమె బ్యాగులు భుజానికి మెత్తగా ఉంటాయి. ఇన్నాళ్ళూ ఆమె మెచ్చుకున్నదే ఆయన్ని నేలకు దించింది.

మామగారు పడుకున్నచోటు నుంచే అడిగారు. "లారీ మీద సరుకు బిగించే పట్టీ చూశావామ్మా? ఎంత దూరం పోయినా వదులయ్యేది కాదు."

"అది పాలిస్టరు, మావయ్యా. సన్నది నా దగ్గరా ఉంది. భుజం కోస్తుందని మూలన పడేశాను."

"స్తంభానికి భుజం నొప్పేమిటే!" అన్నాను నేను, గోడ ఇవతలి నుంచి ఉండబట్టలేక.

ఫోను చేతబట్టుకుని వచ్చిన అత్తగారు ఇంకొక్కసారికి ఒప్పుకుంది. అయితే ముందు తనే చూస్తానంది. నన్నూ రమ్మంది. మా ఇద్దరి బరువూ తెలిసిన కోడలు దేవుణ్ణి తలుచుకుని, పాలిస్టరు పట్టీలు కట్టి, ఉయ్యాల కింద ఒక పీట పెట్టింది. ఇద్దరం కూర్చున్నాం. పట్టీ బిగిసింది, అంతే. నేను దిగాను, వదిన దిగలేదు. పడుకుని చూడాలంది, పడుకుంది, నిద్రపోయింది. లేచేసరికి టీ వేళ దాటింది. ఆమె పడుకోగానే పీటకీ ఉయ్యాలకీ మధ్య పట్టిన నా పిడికిలి, ఆమె దిగకముందు మళ్ళీ పెట్టి చూస్తే అప్పుడూ సరిగ్గా పట్టింది.

మర్నాడు మామగారి వంతు. కునుకు తీసి, కాళ్ళు కిందికి వేసి, చొక్కా దులుపుకుని నిలబడ్డారు.

ఆయన బయలుదేరిన పొద్దున ఉయ్యాల, పట్టీలు కలిపి టిఫిన్ డబ్బా అంత మూటయింది. వదిన ఖాళీ స్తంభాల వైపు చూస్తూ నిలబడింది.

"నాలుగు రోజుల్లో వచ్చేస్తారులే, వదినా," అన్నాను.

"ఆయన సంగతి కాదు," అంది.

లోపల కోడలి మిషను అప్పటికే మోగుతోంది. గుమ్మంలోంచి తొంగిచూశాను. మిషను మీద రెండో ఉయ్యాల గుడ్డ, పక్కన పాలిస్టరు పట్టీ చుట్ట.