చీజ్‌లో దొరికిపోయిన గడ్డి

మా పాలతో చీజ్ చేస్తారంటే నాయన మొదట నమ్మలేదు. "పాలు ఇరగ్గొట్టి, నెలల తరబడి దాసిపెట్టి తింటారా? మీ అమ్మయితే కుక్కకు గూడా పెట్టదు" అన్నాడు. అయినా చిత్తూరు పక్కన ఫ్యాక్టరీ తెరిచాక మా ఊరి పాలన్నీ అక్కడికే పోయేవి. పాలకేంద్రం చిన్నాయనది. క్యాన్లు ఆటోలో చేరవేసేది నేను. ఎనిమిదో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది కాబట్టి, నాకు తెలిసిన సైన్సంతా పాలలో ముంచే లాక్టోమీటరే.

వానలు ముఖం చాటేసిన ఏళ్ళవి. అప్పుడే బెంగుళూరులో ఆ చీజ్ కొనేవాళ్ళకు అనుమానం వచ్చింది. డబ్బా మీద 'చిత్తూరు పల్లెల పాలు' అని ఉంది, నిజమేనా అని. తిరుపతి నుంచి ల్యాబ్ మేడమ్ వచ్చి, ఇంటింటా పశువుల మేత సంచుల్లో పట్టుకుపోయింది. కొన్నాళ్ళకు కబురొచ్చింది, మా మేతకూ ఆ చీజ్‌కూ పొంతన కుదరలేదని.

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీ మేనేజరు, మేడమ్ కేంద్రం దగ్గర దిగారు. ఊరంతా చేరింది.

"ఏమప్పా, నగరి సరిహద్దు దాటించి అరవోళ్ళ పాలు కలపతాండావా?" అన్నాడు మేనేజరు. "మద్దేనానికల్లా జవాబు రాకపోతే కేంద్రానికి తాళమే."

చిన్నాయన కొలపాత్ర కింద పెట్టేశాడు. "నా బిడ్డల మీద ఒట్టు సార్. ఒక్క చుక్క కలపలేదు."

నిన్నటిదాకా ఆయన్ని అన్నా, మామా అని పిలిచినవాళ్ళే ఒకడుగు వెనక్కి జరిగారు.

మేడమ్ మాత్రం నెమ్మదిగా చెప్పింది. ఆవు తిన్న మేత పాలలో తన గుర్తు వేసి పోతుందట. చెరుకాకు, జొన్నచొప్పది ఒక గుర్తు, వరిగడ్డిది ఇంకొకటి. అది చీజ్ అయినా చెరగదట. "మీరందరూ నాకు చెరుకాకే ఇచ్చారు. చీజ్‌లో మాత్రం వరిగడ్డి గుర్తు ఉంది. మీ ఊళ్ళో ఈ ఏడు వరి వేయలేదు కదా?"

నేను నాయన వైపు చూశాను. ఆయన నేల వైపు చూస్తున్నాడు.

మా పాత పట్టుపురుగుల షెడ్డు నిండా వరిగడ్డే. గూడూరు వైపు నుంచి లారీలో వచ్చి, ఊరు లేవకముందే దిగిన గడ్డి. మా వైపు పెళ్ళి సంబంధానికి వచ్చినవాళ్ళు ముందు చూసేది ఇంటి ముందరి గడ్డివామినే. గడ్డి కొనుక్కునే ఇల్లంటే చులకన. అందుకే మేడమ్ వచ్చిన రోజు నాయన, బోరు కింద మిగిలిన నాలుగు చెరుకు సాళ్ళ నుంచి ఆకు కోసి, మా మేత ఇదేనని ఆమె ముందు పెట్టాడు. ఆయన్ని చూసి ఊళ్ళో తక్కినవాళ్ళూ అదే చేశారు. ఎవరి గడ్డి వాళ్ళ షెడ్డులో భద్రంగా ఉంది.

మేనేజరు మధ్యాహ్నం దాకా ఆగకుండానే తాళం కప్ప బయటికి తీశాడు.

"నాయనా" అన్నాను, వీలైనంత మెల్లగా. "మన ఆవులు గాలి మేసి పాలిస్తాండాయని మేడమ్‌కు చెప్పమంటావా? ఆ గాలి యాడిదో గూడా అడుగుతుంది."

"నోరు మూయిరా."

"నేను మూసుకుంటా. చిన్నాయన గతేంది?"

చిన్నాయన ఏమీ అర్థంకాక తన అన్న ముఖంలోకి చూశాడు. ఆ చూపుకు నాయన తట్టుకోలేకపోయాడు. తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, "రాండమ్మా" అని మా ఇంటి వైపు నడిచాడు. ఊరంతా వెనకాలే. షెడ్డు తలుపు బార్లా తీసి పక్కకు నిలబడ్డాడు.

"గూడూరు గడ్డి. కొన్న్యాను" అన్నాడు, అందరికీ వినబడేలా. "మావోడు దొంగ గాదు."

గుంపులోంచి ఎదురింటి మామ ముందుకొచ్చాడు. "మాది గూడా ఆ లారీదే బావా."

"అద్గదీ! మొన్న నీ మీసానికి గడ్డిపోస అంటుకుని ఉంటే ఫ్యాషనేమో అనుకున్న్యా" అన్నాను. ఆ పొద్దున మొదటిసారి ఎవరో నవ్వారు. నాయన కాదు.

మేడమ్ ప్రతి షెడ్డు నుంచీ గడ్డి తీసుకుంది. ఈసారి గుర్తులు కలిశాయి. కేంద్రానికి తాళం పడలేదు.

నాయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాతి లారీని మాత్రం పట్టపగలు నడివీధిలో ఆపించాడు. గడ్డిమోపు నా నెత్తిన పెడుతూ అన్నాడు:

"మోయిరా. సూసేవోళ్ళు బాగా సూసుకోనీ."