పీలికకు కుట్టిన సంచి

మా బాబాయి టైలరు. బడి పిల్లల యూనిఫారాలు కుడతాడు. పెద్దవాళ్లకు కుట్టడం ఆయనకు గిట్టదు. పెద్దవాళ్లు అద్దం ముందు నిలబడి వంకలు పెడతారట, పిల్లలైతే తొడుక్కుని పరిగెడతారట. నిజానికి వంక పెట్టేంత చెడ్డగా ఆయన ఏనాడూ కుట్టలేదు. చెప్పిన రోజుకు ఏనాడూ ఇవ్వలేదు, అంతే. ఎవరొచ్చి అడిగినా మెడలో టేపు సర్దుకుంటూ "రేపు" అంటాడు. అందుకే వీధిలో అందరూ ఆయన్ని రేపు మాస్టారు అంటారు. ఎదురుగానే అంటారు, ఆయనా పలుకుతాడు.

నేను ఆయన అన్న కూతుర్ని. ఆ కొట్లోనే కాజాలు కుడతాను, గుండీలు వేస్తాను, రేపు రమ్మన్నవాళ్లు నిజంగానే వచ్చి కూర్చుంటే సర్దిచెప్తాను. మూడో పని మొదటి రెండింటికంటే ఎక్కువ. పిన్ని ఇస్త్రీ చూసుకుంటుంది. కొట్టు వెనక గదుల్లోనే వాళ్ల కాపురం.

బాబాయిది ముక్కు మీద కోపం. దారం తెగితే మెషీన్ని తిడతాడు, కరెంటు పోతే నన్ను తిడతాడు. అలాంటి మనిషి ఒక పిల్లిపిల్లను నెలల తరబడి గుండెకు కట్టుకుని తిరిగాడంటే, కళ్లారా చూసిన నాకే ఇంకా నమ్మబుద్ధి కాదు.

అది పెరట్లో, గుడ్డ ముక్కలు పడేసే గోనెలో దొరికింది. వానకు తడిసిన తల్లి మిగతా పిల్లలను ఒక్కొక్కటిగా నోట కరుచుకుని గోడ దాటించి, దీన్ని మాత్రం వదిలేసింది. "వస్తుందిలే. రాకపోతే మనకేంటి" అంటూనే బాబాయి ఆ రోజంతా కిటికీవైపు మెడ తిప్పుతూ కూర్చున్నాడు. ఒక చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కుట్టాడు. పొద్దువాలే వేళకు ఇక ఆగలేక వెళ్లి గోనెతో సహా ఎత్తుకొచ్చాడు. పిన్ని లోపలికి తొంగిచూసి, "ఇదేం పిల్లండీ, పీలికలా ఉంది" అంది. దాని పేరు అదే అయిపోయింది.

పాలు బాగానే తాగింది. ఉడికించిన చేప మెదిపి పెట్టడం మొదలుపెట్టాకే తిప్పలు వచ్చాయి. ఆవురావురుమని తినేది, కాసేపటికి తిన్నది తిన్నట్టే బయటికి వచ్చేసేది. మళ్లీ ఆకలి, మళ్లీ ఆరాటం, మళ్లీ అదే కథ. ఎంత తిన్నా వెన్నుపూసలు వేలికి గుచ్చుకుంటూనే ఉండేవి.

జంతువుల డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి వెలుతురుకు ఎత్తిపట్టి చూపించింది.

"పుట్టుకతో వచ్చిందండీ ఇది. గుండె దగ్గర ఒక రక్తనాళం దారితప్పి, తిన్నది దిగే గొట్టాన్ని చుట్టేసి బిగుసుకుంది. పాలయితే జారిపోతాయి. ముద్ద అక్కడే ఆగిపోతుంది."

"లాగుకి నాడా బిగించినట్టా?" అన్నాడు బాబాయి.

"సరిగ్గా అంతే. ఆ నాడా కోసేస్తే గొట్టం వదులవుతుంది. కానీ ఇంత పిడికెడు ప్రాణం మత్తుమందు తట్టుకోదు. కిలో తూగాక తీసుకురండి, చేస్తాను. అప్పటిదాకా అన్నీ జావలా చేసి, నిటారుగా పట్టుకుని తాగించాలి. తాగాక కూడా అరగంట సేపు నిటారుగానే ఉంచాలి. దాని బరువుకి అదే కిందకి దిగుతుంది. పడుకోబెడితే మాత్రం వెనక్కొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలా పోయిందంటే కష్టం."

పీలిక అప్పటికి అరకిలో కూడా లేదు. తిన్నది నిలిస్తే గానీ బరువు పెరగదు, బరువు పెరిగితే గానీ ఆపరేషన్ లేదు, ఆపరేషన్ అయితే గానీ తిన్నది నిలవదు. కొట్లో అడుగు పెట్టగానే బాబాయి, "టేపు ఇలా తే" అన్నాడు.

"నీ మెడలోనే ఉంది బాబాయ్."

పిల్లిని బల్లమీద నిలబెట్టి ఛాతీ, నడుము, పొడవు వరసగా కొలిచాడు. కస్టమర్లకు చెప్పినట్టే అంకెలు గట్టిగా చెప్పాడు, నేను సుద్దతో బల్ల మీద వేశాను. మిగిలిపోయిన నీలం యూనిఫారం గుడ్డతో ఒక సంచి కుట్టాడు. రెండు పట్టీలు భుజాల మీదుగా వెళ్లి వీపున ముడిపడతాయి. పిల్లి అందులో నిలబడినట్టు ఉంటుంది, తల ఒక్కటే బయటికి, బాబాయి గడ్డం కిందకి వస్తుంది. రోజుకు ఆరుసార్లు జావ తాగించడం, ఆ సంచిలో పెట్టుకుని మెషీన్ తొక్కడం. కస్టమర్లకు ఏనాడూ వేళకు ఇవ్వని మనిషి పీలికకు ఒక్క పూట ఆలస్యం చేయలేదు. కొలతలివ్వడానికి వచ్చిన పిల్లలు చేతులు చాపి నిలబడి, ఆ గడ్డం కింద తలతో ముచ్చట్లు పెట్టేవాళ్లు. ఒక తల్లి మాత్రం, "మాస్టారూ, మా వాడి యూనిఫారం కంటే దాని బట్టలే ముందయ్యాయా" అంది. "దానికి బడి లేదమ్మా, పొద్దస్తమానం ఇక్కడే ఉండి ప్రాణం తీస్తుంది" అన్నాడు.

అంతా సవ్యంగా జరుగుతోందనుకున్నాం. ఇక్కడే బాబాయి చెయ్యి ఆయన్ని దెబ్బతీసింది.

బడి పిల్లల బట్టలను ఏ టైలరూ ఒంటి కొలతకు కుట్టడు. పెరిగే పిల్లలు కదా. నడుము దగ్గర వదులు, అంచు దగ్గర మడత పెడతాడు. ఈ ఏడు గొణిగిన తల్లి వచ్చే ఏడు మడత విప్పుకుని మెచ్చుకుంటుంది. ఒక వయసంతా ఆ లెక్కకే అలవాటైన చెయ్యి పీలిక సంచికి కూడా అదే లెక్క వేసింది. చుట్టూ రెండంగుళాల వదులు. పీలిక జావ తాగడం, సంచిలో అడుగుకు జారిపోయి గుండ్రంగా ముడుచుకుని నిద్రపోవడం. "చూడవే, ఎంత హాయిగా పడుకుందో" అని పిన్నిని పిలిచి మరీ చూపించేవాడు. ఆమె కూడా ఇస్త్రీ పెట్టె పక్కనపెట్టి వచ్చి మురిసిపోయేది.

ఒకరోజు పీలిక దగ్గింది. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోయింది, ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు ఎగిరెగిరి పడ్డాయి. డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం. ఆమె దానికి ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్ చేసి, అప్పుడు బాబాయి గుండెల మీద వేలాడుతున్న సంచిని చేత్తో పట్టుకుని చూసింది.

"ఇంత వదులుగా ఎందుకు కుట్టారండీ? లోపల పడుకుంటోంది ఇది."

"పెరిగే పిల్ల కదా అని..." అన్నాడు బాబాయి.

ఆమె కోప్పడలేదు. "పెరుగుతుందండీ. ముందు ఈ గండం గట్టెక్కాలి. ఒంటికి అతికినట్టు కుట్టండి, జారకూడదు" అంది.

పీలికను అక్కడే ఉంచుకున్నారు. జ్వరం దిగి, ఇంటికి తీసుకుపొమ్మని కబురు వచ్చిన రోజు బాబాయి గుడ్డ పరిచి, గీత గీసి, కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

"డాక్టరమ్మ చెప్పింది కదా బాబాయ్. ఇంకా ఏం ఆలోచిస్తున్నావ్?"

"సరిగ్గా దీని ఒంటికి ఎలా కోసేదే? ఎదగదని నేనే రాసిచ్చినట్టు ఉంటుంది."

ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో తెలియదు. పిన్ని ఇస్త్రీ ఆపకుండానే, "ఎదిగితే ఇంకోటి కుట్టండి. చేతులేమైనా అరిగిపోయాయా?" అంది.

బాబాయి ఆమెవైపు ఒకసారి చూశాడు. గీతను చెరిపి, రెండంగుళాలు లోపలికి గీసి, కత్తిరించాడు.

ఆ తర్వాత మా కొట్లో పండగే. సంచి బిగుసుకుందంటే చాలు, ఆయన ముఖం చేటంత అయ్యేది. ఆల్టరేషన్ అంటే చిరాకుపడే మనిషి, "మళ్లీ పట్టడం లేదే, మళ్లీ పట్టడం లేదు" అని వీధికి వినబడేలా చెప్పేవాడు. నీలం అయిపోయింది, బూడిదరంగు వచ్చింది, తర్వాత గళ్ల గుడ్డ వచ్చింది. గళ్ల సంచి కాలానికి పీలిక అన్న పేరు అబద్ధమైపోయింది. పక్క కిరాణా కొట్టు త్రాసులో పెసరపప్పు దించి దాన్ని సంచితోనే కూర్చోబెట్టేవాళ్లు. ఒకసారి సరిగ్గా కిలో చూపించింది. బాబాయి వీధంతా చాటింపు వేశాక చూస్తే, సంచికి కుట్టిన జేబులో ఇనప కత్తెర ఉంది. కిరాణా ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. మరో రెండు సంచులు మారాక, కత్తెర లేకుండానే ముల్లు కిలో దాటింది.

ఆపరేషన్ జరిగినంతసేపూ బాబాయి బయట బెంచీ మీద కూర్చుని, తెచ్చుకున్న లాగుకు అంచు కుట్టాడు. లేచి నిలబడితే ఆ లాగు ఆయన ప్యాంటుతో కలిసి వచ్చింది. డాక్టరమ్మ బయటికి వచ్చినప్పుడు మేమిద్దరం ఆ కుట్లు ఊడదీస్తున్నాం.

"నాడా కోసేశాను. బాగుంది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "కానీ గొట్టం ఇన్నాళ్లు సాగి ఉంది. కొన్నింటికి తిరిగి బిగుతుకి వస్తుంది, కొన్నింటికి జీవితాంతం అలాగే వదులుగా ఉండిపోతుంది. గాయం మానేదాకా సంచి తప్పదు. ఆ తర్వాత నేలమీద పెట్టి చూద్దాం" అంది.

ఆ రోజు వచ్చింది. పిన్ని కోడిమాంసం ఉడికించి, చిన్న చిన్న ముక్కలు తుంచి, పళ్లెంలో పెట్టి కొట్టు మధ్యలో ఉంచింది. బాబాయి పీలికను సంచిలోంచి తీసి నేలమీద దింపాడు. అది పళ్లెం చుట్టూ తిరిగింది. నిలబడి తినడమే తప్ప వంగి తినడం మరిచిపోయిందేమో, ఒకసారి ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత తల వంచి, ముక్కలన్నీ తినేసి, పళ్లెం నాకి, అక్కడే కత్తిరింపు ముక్కల మీద వాలిపోయి కళ్లు మూసుకుంది.

బాబాయి దాన్ని ఎత్తుకోబోయాడు. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ముగ్గురం నిలబడి చూస్తున్నాం. దగ్గు వస్తుందేమో, తిన్నది తన్నుకొస్తుందేమో అని నా భయం. ఒక కస్టమరు కొడుకును వెంటపెట్టుకుని వచ్చి నోరు తెరవబోతే నేను వేలు పెదవుల మీద పెట్టాను. పాపం, అతనూ నిలబడి చూశాడు. అరగంట గడిచింది. గంట కావచ్చింది. పీలిక పొట్ట పైకీ కిందకీ మెల్లగా కదులుతోంది, అంతకుమించి ఏమీ జరగలేదు.

బాబాయి భుజాల మీద పట్టీలు విప్పేశాడు. అన్ని నెలలు నిటారుగా ఉండి ఉండి నడుము పట్టేసిందేమో, మెల్లగా కూర్చుని, ఆ గుడ్డముక్కల మీదే వెల్లకిలా పడుకున్నాడు. అలికిడికి పీలిక కళ్లు తెరిచి, ఒళ్లు విరుచుకుని, ఆయన పొట్ట మీదకెక్కి మళ్లీ పడుకుంది. ఆయన కళ్ల పక్కనుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. నాకూ ఏడుపొచ్చింది, అంత సంతోషంగా ఎప్పుడూ ఏడవలేదు.

"మాస్టారు మావాడి కొలతలు తీసుకోరా?" అన్నాడు కస్టమరు గుసగుసగా.

"తీసుకుంటారు, కూర్చోండి" అంది పిన్ని. "అది నిద్ర లేవాలి."